మేస్త్రి గుమ్మంలో భిక్ష

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ మాట పుట్టించినవాడెవడో గానీ మా అన్నయ్యను చూసే పుట్టించి ఉంటాడు.

మా అన్నయ్య వడ్రంగి. వీధిలో అందరూ మేస్త్రి అంటారు. కోపం వచ్చినప్పుడు నేనూ మేస్త్రి అనే పిలుస్తాను, అంటే ఎక్కువగా అలాగే పిలుస్తానన్నమాట. ఆయన చేసిన కుర్చీలో ఒకసారి కూర్చున్నవాడికి ఇంకో కుర్చీ నచ్చదు. పనిలో అంత నేర్పరి. కాకపోతే ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోడు. పక్కింటివాళ్లు రెండు పళ్లు పంపిస్తే సాయంత్రంలోగా నాలుగు పళ్లు వాళ్లింటికి చేరిపోవాలి. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే దిగేదాకా నిలబడే ఉంటాడు. వదిన బతికున్న రోజుల్లో కూడా, ఒళ్లు కాలిపోయే జ్వరంతో లేచి వెళ్లి మంచినీళ్లు తనే ముంచుకునేవాడు గానీ ‘కాస్త ఇవ్వవే’ అనేవాడు కాదు. ‘నేను ఎవరి ముందూ చెయ్యి చాచలేదు’ అన్న మాట రోజుకోసారైనా అనకపోతే ఆయనకు పొద్దుపోయేది కాదు.

అలాంటివాడు ఎవరింట్లోనో అటకకు అరలు బిగిస్తూ నిచ్చెన మీద నుంచి జారాడు. పడుతూ పడుతూ రెండు అరచేతులూ నేలకు ఆన్చాడు. రెండు మణికట్లూ విరిగాయి. అరచేతుల నుంచి మోచేతుల దాకా పిండికట్టు వేశారు. వేళ్ల చివళ్లు మాత్రం బయటికి కనిపిస్తాయి, అవీ వాచిపోయి చెంచా కూడా పట్టలేవు.

కబురు తెలిసిన రోజే సంచి సర్దుకుని వచ్చి ఆయనింట్లో దిగాను. నాకు ఇంట్లో ఎదురుచూసే మనిషి లేడు, పిల్లల కాపురాలు పిల్లలు చేసుకుంటున్నారు. పైగా ముప్పై ఏళ్లు పెద్దాసుపత్రి వంటింట్లో పనిచేసి, వార్డుల్లో మంచం మంచానికీ తిరిగి అన్నం తినిపించినదాన్ని. పళ్లు బిగబట్టే ముసలాళ్లను, ఉమ్మేసే పిల్లలను, ‘విషం కలిపావు’ అని తిట్టే మతిలేనివాళ్లను ఎంతమందిని చూశానో. మా అన్నయ్య ఒక లెక్కా అనుకున్నాను.

ఆయన నోరు తెరవలేదు. మొదటిరోజు ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. చెంచాతో పెట్టబోతే లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. స్నానం చేయించడానికీ బట్టలు మార్చడానికీ ఆసుపత్రి నుంచి ఒక మనిషి వచ్చేవాడు. వాడికి కూలీ ఇస్తున్నాడు కాబట్టి అది ఆయనకు నామోషీగా తోచలేదు. పోనీ వాడికే ఇంకో నాలుగు రాళ్లు పడేసి తినిపించమందామా అంటే, కూలీ ఇచ్చి నోట్లో ముద్ద పెట్టించుకునేంత దిక్కుమాలినవాణ్ణా అని నన్ను కసిరాడు. బల్ల మీద గ్లాసులో గొట్టం వేసి గంజో పాలో పెడితే వంగి పీల్చేవాడు. అదీ నేను చూడనప్పుడే. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటారు. మా అన్నయ్య అంతకంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు. పెడితే తినడు, తినలేదేమని అడగనివ్వడు.

ఒకరోజు బజారు నుంచి కాస్త తొందరగా వచ్చాను. వంటింట్లో ఆయన నేల మీద మోకాళ్ల మీద ఉన్నాడు. ముందు అన్నం పళ్లెం. ముక్కుకీ గడ్డానికీ మెతుకులు. పళ్లెం సగం బోర్లాపడి ఉంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను గుమ్మంలోంచే వెనక్కి తిరిగి, సంచి అక్కడే వదిలేసి, పక్కింటి ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వెళ్లి కూర్చుని కడుపారా ఏడ్చాను. నా చేత్తో తినడం కంటే పశువులా మూతితో తినడమే నయమనుకున్నాడు మా అన్నయ్య. అది నా గుండెల్లో గునపంలా దిగింది.

కట్టు చూడడానికి వెళ్లినప్పుడు డాక్టరు ఆయన్ని తూకమెక్కించి నాతో విడిగా మాట్లాడింది. మనిషి కరిగిపోతున్నాడట, ఇలా అయితే ఎముక అతకదట, ఇంకో వారం చూసి బరువు పెరక్కపోతే ఆసుపత్రిలో పడుకోబెట్టి ముక్కులోంచి గొట్టం వేస్తుందట. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆయన చాలా నెమ్మదిగా, గొట్టం వేసిన రోజున ఊపిరి కూడా ఆపేస్తానన్నాడు. ఆ మనిషి అన్నాడంటే చేస్తాడు.

ఇక్కడ ఆయన కూతురి సంగతి చెప్పాలి. ఒక్కతే కూతురు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా, తండ్రి ఎంతో అదీ అంతే. బడిలో ఎవరి దగ్గరైనా పెన్సిలు తీసుకుంటే మర్నాడు కొత్త పెన్సిలు కొనిచ్చేది. చదువుకుంది, పెద్ద కంపెనీలో ఇళ్లకు నక్షాలు గీసే ఉద్యోగం చేసింది, తండ్రి తలెత్తుకునేలా బతికింది. ఏమైందో, బౌద్ధ విహారానికి వెళ్లడం మొదలుపెట్టింది. చివరికి ఉద్యోగం మానేసి, జుట్టు తీయించుకుని, కాషాయం కట్టుకుని భిక్షుణి అయిపోయింది. వీధులు తిరిగి అడుక్కుతినడానికా నిన్ను చదివించింది అని మా అన్నయ్య అరిచిన అరుపులకు ఆ రోజు ఈ వీధంతా తలుపులు వేసుకుంది. ఆ గిన్నె పట్టుకుని నా గుమ్మంలోకొస్తే ఒక్క మెతుకు రాలదు అన్నాడు. ఆ మాట తర్వాత తండ్రీకూతుళ్ల మధ్య ఇంకో మాట లేదు.

ఏళ్ల తరబడి ఆ పిల్ల ఎక్కడో దూరంగా ఉంది. ఈ మధ్యే మా బజారు వెనకాల నలుగురైదుగురు భిక్షుణులు ఒక మేడ తీసుకుని కొత్త విహారం పెట్టారు. భిక్షకు వీధులు పంచుకున్నారు. మా వీధి మా మేనకోడలికీ, ఆమెతో నడిచే ఒక పెద్ద భిక్షుణికీ వచ్చింది. పెద్దావిడ పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ ఏదో గుర్తొచ్చి నవ్వాపుకుంటున్నట్టు ఉంటుంది. మా పిల్ల ఆవిణ్ణి పెద్దమ్మగారు అంటుంది.

వాళ్ల పద్ధతి చూసినకొద్దీ నాకు విడ్డూరంగా ఉండేది. నోరు విప్పి అడగరు. గుమ్మం ముందు పాత్ర పట్టుకుని, కళ్లు దించుకుని, కాసేపు నిలబడతారు. పెడితే పుచ్చుకుంటారు, పెట్టకపోతే పక్క గుమ్మానికి పోతారు. పెట్టే ఇల్లని ముందు పోవడం, పెట్టని ఇల్లని మానేయడం లేదు. వరసలో ఏ గుమ్మం వస్తే ఆ గుమ్మమే. రేపటికి దాచుకోకూడదు. మధ్యాహ్నం దాటితే తినకూడదు. అడగందే అమ్మయినా పెట్టదు కదమ్మా, మీరెలా బతుకుతారని ఇస్త్రీ ఆవిడ ఒకసారి అడిగేసింది. పెద్దావిడ తన పొట్ట చూపించి, చూశారుగా, బాగానే బతుకుతున్నామని చెప్పింది.

వాళ్లు మొదటిసారి వచ్చిన పొద్దున మా అన్నయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. మా మేనకోడలు మెట్ల కింద నిలబడింది. గుండు, కాషాయం, చేతుల్లో నల్లటి పాత్ర. అన్నయ్య ఆమెను చూడకుండా, నా గుమ్మంలోంచి ఒక్క మెతుకు కూడా బయటికి పోకూడదని నాతో అన్నాడు. ఆమె కాసేపు నిలబడింది. తల కొంచెం వంచింది. పక్కింటికి వెళ్లిపోయింది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? నీ గుమ్మంలోంచి కదా వద్దన్నావు మేస్త్రీ అనుకున్నాను. మర్నాటి నుంచి నా వంతు అన్నం గిన్నెలో పెట్టుకుని, వాళ్లొచ్చే వేళకు ఇస్త్రీ ఆవిడ వరండాలోకి వెళ్లేదాన్ని. ఆవిడ వరండాకీ మా వరండాకీ మధ్య నడుమెత్తు గోడ తప్ప ఏమీ లేదు. వాళ్లు వీధి ఆ చివర్నుంచి వస్తారు కాబట్టి ముందు ఇస్త్రీ ఆవిడ ఇల్లు, తర్వాత మాది. ఆ గుమ్మంలో నిలబడి, అన్నయ్య చూస్తుండగా, మేనకోడలి పాత్రలో గరిటెడు అన్నం పెట్టేదాన్ని. ఆయన పళ్లు నూరేవాడు. ఏమీ అనలేకపోయేవాడు. ఆ గోడవతల ఆయన పెత్తనం లేదు మరి.

నేను అక్కడికి వెళ్లడానికి ఇంకో కారణం కూడా ఉంది. వెళ్లేముందు అన్నం కలిపి పళ్లెంలో పెట్టి, చెంచా పక్కన వేసి, వరండాలో ఎత్తు పీట మీద ఆయనకు అందేలా ఉంచి వెళ్లేదాన్ని. ఎవరూ చూడకపోతే మూతితోనైనా నాలుగు మెతుకులు తింటాడేమోనని. తిరిగొచ్చేసరికి పళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఎందుకంటే ఆ వేళలో ఆయన కూతురు వస్తోంది. ఆమె చూడగా పళ్లెంలో మూతి పెట్టడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

రోజూ ఆమె వచ్చేది, నిలబడేది, తల వంచేది, వెళ్లిపోయేది. ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. ఆయనకు అది అసలు మింగుడుపడలేదు. ఏడిస్తే తిట్టొచ్చు, తిడితే తిరిగి తిట్టొచ్చు. ఊరికే నిలబడి వెళ్లిపోయే మనిషిని ఏం చేస్తాడు? క్రమంగా ఆయన పొద్దున్నే లేచి వరండాలోకి వచ్చి కూర్చోవడం, వీధి చివరికి మెడ సాచి చూడడం మొదలుపెట్టాడు. అడిగితే గాలి కోసమన్నాడు.

ఎదురు వరసలో టైర్లకు పంక్చర్లు వేసేవాడొకడు ఉన్నాడు, టైర్లబాబు అంటాం. చెడ్డవాడు కాదు గానీ నోటికీ చేతికీ అదుపు లేదు. ఒకరోజు కొట్టు ముందు నలుగురు కూర్చుని ఉంటే వాళ్లను నవ్వించడానికి, తాను కొరికి పక్కన పడేసిన రొట్టెముక్క తీసి మా మేనకోడలి పాత్రలో వేశాడు. ఆమె ఎప్పటిలాగే తల వంచింది, ముందుకు కదిలింది. నేను గరిటె పట్టుకుని కొయ్యబారిపోయాను.

మా అన్నయ్య లేచి నిలబడ్డాడు. గంజి తాగి బతుకుతున్న మనిషికి అంత గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు.

“నా కూతురికి ఎంగిలి పెడతావురా?”

వీధంతా ఆగిపోయింది. టైర్లబాబు ముఖం మాడిపోయింది, కొట్టు లోపలికి పోయి మళ్లీ కనిపించలేదు. నేను మాత్రం ఎంగిలి సంగతే మరిచిపోయాను. ‘నా కూతురు’ అన్నాడు మేస్త్రి. ఎన్ని ఏళ్లకో ఆ మాట ఆయన నోటివెంట వచ్చింది. ఆ సంతోషంలో ఆ రోజు ఇస్త్రీ ఆవిడ బట్టలు సగం నేనే మడతపెట్టాను.

ఆ సాయంత్రమంతా ఆయన వరండాలో అటూ ఇటూ తిరిగాడు. దాన్ని వాడి మొహాన కొట్టాలి గదా, ఎందుకు పుచ్చుకుంది, నా పెంపకంలో పెరిగింది ఎంగిలి ఎందుకు పుచ్చుకుంది అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు, దాన్నే అడుగు అన్నాను.

మర్నాడు అడిగాడు.

నేను ఎప్పటిలాగే పీట మీద పళ్లెం పెట్టి గోడవతలికి వెళ్లాను, నా గరిటెడు పెట్టాను. వాళ్లిద్దరూ మా మెట్ల ముందుకొచ్చి నిలబడ్డారు. ఈసారి అన్నయ్య ముఖం తిప్పుకోలేదు.

“అక్కడ పళ్లెంలో అన్నం ఉంది. నేను ముట్టలేదు. తీసుకుపో. ఎవడి ఎంగిలో తినే కర్మ నీకెందుకు?” అన్నాడు.

మా మేనకోడలు తలెత్తింది. “నేను తీసుకోకూడదు నాన్నా. చేత్తో ఇస్తేనే పుచ్చుకోవాలి.”

“నా చేతులు ఎలా ఉన్నాయో కనబడట్లా?”

“కనబడుతున్నాయి.”

అంతే అంది. జాలి మాట ఒక్కటి అనలేదు. అక్కణ్ణుంచి కదల్లేదు కూడా. నేను గోడ దూకి వెళ్లి ఆ పళ్లెం తీసి ఇద్దామని కాలెత్తాను. ఇస్త్రీ ఆవిడ నా కొంగు పట్టుకుని ఆపింది. ఆవిడకు జన్మజన్మలకూ రుణపడి ఉంటాను.

అన్నయ్య పళ్లెం వైపు చూశాడు, తన కట్ల వైపు చూశాడు. రెండు ముంజేతుల మధ్యా పళ్లేన్ని ఇరికించుకుని లేపబోయాడు. జారింది. మళ్లీ ఇరికించాడు. ఎంత బరువైన దూలాన్నైనా భుజాన వేసుకుని నడిచే మనిషికి పళ్లెడు అన్నం ఎత్తడానికి చెమటలు పట్టాయి. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగాడు. పాత్ర మీదికి వంచాడు. సగం పాత్రలో పడింది, సగం నేల మీదా, ఆమె చేతుల మీదా, కాషాయం మీదా పడింది. ఆఖరి మెతుకు రాలేదాకా ఆమె పాత్రను కదపకుండా పట్టుకుంది. తర్వాత ఎవరికైనా చెప్పినట్టే ఆయనకీ, సుఖంగా ఉండమని నెమ్మదిగా చెప్పింది. తల వంచింది. వెళ్లడానికి తిరిగింది.

ఆయన ఖాళీ పళ్లెం అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఆయన వీపే కనిపిస్తోంది.

“ఆకలేస్తోందే,” అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య ఆ మాట అనగా నేను వినలేదు. చిన్నప్పుడు ఇంట్లో గింజలు నిండుకున్న రోజుల్లో కూడా అనలేదు. ఆకలేస్తోందిట మేస్త్రికి. నా కళ్ల వెంట నీళ్లు ధారగా కారిపోయాయి, నేను తుడుచుకోలేదు.

మా మేనకోడలు ఆగింది. పాత్ర వైపు చూసి, పెద్దావిడ వైపు చూసింది. భిక్షలో వచ్చింది ముందుగా ఇంకొకరికి పెట్టవచ్చో లేదోనన్న అనుమానం ఆమె ముఖంలో కనబడింది. పెద్దావిడ తడుముకోలేదు. “అమ్మకీ నాన్నకీ మన పాత్రలోంచి పెట్టొచ్చమ్మా. అది ఎప్పణ్ణుంచో ఉన్న మాటే. కూర్చో,” అంది.

తండ్రి మెట్టు మీద కూర్చున్నాడు. కూతురు ఆయన కింది మెట్టు మీద కూర్చుని పాత్ర ఒళ్లో పెట్టుకుంది. చెంచా పైన పీట మీద ఉందని ఆయనే చెప్పాడు, ‘ఇస్తేనే’ అన్నది గుర్తొచ్చిందేమో, మళ్లీ పైకి వెళ్లి రెండు కట్ల మధ్యా చెంచా పట్టుకొచ్చి ఇచ్చాడు. ఆమె మొదటి చెంచా ఎత్తింది. మా అన్నయ్య నోరు తెరిచాడు.

ఆ పాత్రలో ఏముందో నాకు తెలుసు. వీధిలో సగం ఇళ్ల అన్నం, ఒకరి కూర మీద ఇంకొకరి కూర, పైన పండు ముక్కలు, అడుగున ఎవరో పెట్టిన చప్పిడి రొట్టె. నా వంట ఉప్పు తక్కువైందని ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో పళ్లెం నెట్టేసిన మనిషి, ఆ కలగాపులగాన్ని కళ్లు మూసుకుని తిన్నాడు. ఆకలి రుచెరగదంటారు. ముప్పై ఏళ్ల నా అనుభవమంతా చేయలేని పని ఆ పిల్ల ఒక్క చెంచాతో చేసేసిందని నాకు లోపల కొంచెం కుళ్లు కూడా కలిగింది. అదెంతసేపు, ఇంకో చెంచా లోపలికి వెళ్లేదాకానే. ప్రతి చెంచాకీ నా నోరు కూడా తెరుచుకుంటోందని ఇస్త్రీ ఆవిడ తర్వాత నన్ను వెక్కిరించింది.

సగం తిన్నాక ఆయన అడిగాడు. “ఇలా నిలబడ్డానికి సిగ్గేయదా నీకు?”

“మొదట్లో చచ్చేంత సిగ్గేసేది. నీ కూతుర్నే కదా నాన్నా.”

“మరెందుకే ఇదంతా? కోటి విద్యలూ కూటి కోసమే అంటారు. చేతిలో విద్య పెట్టుకుని కూటి కోసం ఇలా ఎందుకు?”

ఆమె చెంచాలో ఉన్నది ఆయనకు పెట్టి, ఆయన మింగేదాకా ఆగింది.

“కూటి కోసం కాదు నాన్నా. వండుకోకూడదు, దాచుకోకూడదు, అడక్కూడదు. పొద్దున్నే ఖాళీ పాత్రతో బయటికి రావాలి. పెట్టినవాళ్లు గొప్పోళ్లనీ, పెట్టనివాళ్లు చెడ్డోళ్లనీ అనుకోకుండా తిరిగెళ్లాలి. నేను, నాది అని లోపల ఒకటి గట్టిగా పట్టుకుని ఉంటుంది చూడు, దాన్ని వదిలించుకోడానికే ఈ బతుకు. చదివితే రాలేదది నాకు. గుమ్మాల ముందు నిలబడితే కొంచెం కొంచెం వస్తోంది.”

“నా గుమ్మం ముందు కూడానా?”

“నీ గుమ్మం ముందు రోజూ ఓడిపోయేదాన్ని. పైకి కనపడనిచ్చేదాన్ని కాదు, లోపల మండిపోయేది. వేరే వీధి ఇవ్వమని పెద్దమ్మగారిని బతిమాలాను కూడా.”

“ఇంత మంచి గుమ్మం ఇంకెక్కడ దొరుకుతుందని నేనే ఇవ్వలేదు,” అంది పెద్దావిడ వెనకనుంచి.

అన్నయ్య ఆవిడను చూసి, మళ్లీ కూతుర్ని చూశాడు. “మరివాళ?”

“ఇవాళ కోపం రాలేదు నాన్నా. నువ్వు పళ్లెం ఎత్తక ముందే లోపల వెతుక్కున్నాను. లేదు.” ఆ మాట అంటున్నప్పుడు ఆ గుండు మొహం ఎంత వెలిగిపోయిందో. చిన్నప్పుడు పరీక్షలో ఫస్టొచ్చినప్పుడు కూడా ఆ పిల్ల అంత సంబరంగా లేదు. మా అన్నయ్య ఇంకో ముద్దకు నోరు తెరిచాడు.

పాత్ర ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. గంజితో ఎండిపోయిన కడుపు కదా, నెమ్మదిగా, నమిలి నమిలి తిన్నాడు. ఎండ మెట్ల మీది నుంచి తొలగిపోయింది. అప్పుడు పెద్దావిడ తన పాత్రలోకి తొంగిచూసుకుని, రెండు రొట్టెలున్నాయి, తలా ఒకటి, ఈ పూటకు చాలు, పద అంది మా పిల్లతో. మెల్లగా అన్న మాటే. అన్నయ్య చెవిన పడింది.

ఆయన ఖాళీ పాత్ర వైపు చూశాడు. తిన్నదెవరి అన్నమో అప్పుడు తట్టింది ఆయనకి. మధ్యాహ్నం దాటితే వాళ్లు తినరని ఆయనకూ తెలుసు. నా వైపు తిరిగి, ఇంట్లో ఏముందే అని అడిగాడు. ఏముంటుంది? తినని మనిషికి ఎంత వండుతాను? ఉన్నదంతా పళ్లెంలోనూ నా గరిటెలోనూ అయిపోయింది. ఇప్పుడు పొయ్యి వెలిగించి ఉడికించేలోపు పొద్దు నడినెత్తి దాటిపోతుంది. ఇంకా సగం వీధి ఉంది కదా, ఏదో ఒకటి దొరుకుతుంది నాన్నా అంది కూతురు. ఆ సగం వీధిలో పెట్టేవాళ్లెంతమందో రోజూ మెడ సాచి చూసిన ఆయనకు తెలియదా?

ఆయన లేచాడు. మెట్లు దిగి వీధి మధ్యకు వెళ్లి నిలబడ్డాడు. కట్లు కట్టిన రెండు చేతులూ ముందుకు చాచాడు. ఆ చేతులు అలా చాచి ఉండగా నేను చూడగలనని కలలో కూడా అనుకోలేదు.

“అయ్యా, అమ్మా,” అన్నాడు. దగ్గి, మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి రంపం మోతలో పనివాళ్లను పిలిచే గొంతుతో. “మా అమ్మాయి అన్నం నేను తినేశాను. మధ్యాహ్నం దాటితే వాళ్లు తినకూడదు. మీ ఇళ్లల్లో ఏముంటే అది కాస్త తెచ్చి పెట్టండి. వాళ్లు అడక్కూడదు. నేను అడుగుతున్నాను. మేస్త్రిని, నేను అడుగుతున్నాను.”

ఒక్క క్షణం వీధిలో చప్పుడు లేదు. అడిగి లేదనిపించుకుంటే ఆ మనిషి మళ్లీ బతికినన్నాళ్లూ నోరు తెరవడు.

ముందు ఇస్త్రీ ఆవిడే కదిలింది. పెట్టెను పక్కకు నిలబెట్టి లోపలికి పరిగెత్తింది. మేడ మీద ఎవరిదో తలుపు తెరుచుకుంది. మూలింటి దర్జీ భార్య, ఏనాడూ భిక్ష పెట్టని మనిషి, గిన్నె మీద మూతతో సహా వచ్చింది. ఇంకో ఇంటినుంచి రొట్టెలు, ఇంకో ఇంటినుంచి ఉడకబెట్టిన కూర. ఎన్నాళ్లనుంచో ఈ మేస్త్రి తమ దగ్గర ఏదో ఒకటి పుచ్చుకోకపోతాడా అని కాచుకుని కూర్చున్నట్టు వచ్చారు జనం. అందరి వెనకాల టైర్లబాబు, చేతులు నల్లగా, మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న క్యారియర్ పట్టుకుని, తల దించుకుని వచ్చాడు. ఇంకా మూత కూడా తియ్యలేదు మేస్త్రీ అన్నాడు. నాకు కాదురా, అమ్మాయికి పెట్టు అన్నాడు అన్నయ్య.

ఇంక నేను ఆగలేకపోయాను. ఈ వయసులో గోడ దూకాను. వరండాలో నిలబడి చూస్తే మా మేనకోడలి చుట్టూ మనుషులు, మధ్యలో గుండు మాత్రం మెరుస్తోంది, వచ్చిన ప్రతివాళ్లకీ అదే విధంగా తల వంచుతోంది. మా అన్నయ్య చేతులు దించకుండా వీధి మధ్య నిలబడి పెత్తనం చేస్తున్నాడు. “ఇద్దరున్నారు, చూసి పెట్టండి. పెద్దావిడ పాత్రలో కూడా పెట్టండి,” అంటున్నాడు. అడుక్కోవడంలో కూడా మేస్త్రి మేస్త్రే.

పాత్రలు నిండాయి. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. వాళ్లిద్దరూ మా వరండాలోనే నీడన కూర్చుని తింటుంటే వీధిలో వాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడి చూశారు. అన్నయ్య పీట మీద కూర్చున్నాడు. ముఖం అలసిపోయి ఉంది, పెదవి మీద ఇంకా ఒక మెతుకు అంటుకుని ఉంది, అయినా వదిన పోయాక అంత నిబ్బరంగా ఆయన్ని నేను చూడలేదు.

నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

“సాయంత్రం నువ్వు పెట్టాలి నాకు. తొందరగా వండు. ఉప్పు సరిగ్గా వెయ్యి,” అన్నాడు.

ఇన్నాళ్లు మనసులో దాచుకున్న తిట్లు నా దగ్గర బస్తాడున్నాయి. ఒక్కటీ పైకి రాలేదు. సరే అన్నయ్యా అన్నాను, పెదవి మీది మెతుకు నా వేలితో తీశాను. ఆయన తియ్యనిచ్చాడు.